విల్లూ, నిప్పు సెగా

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు అక్కడ పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు తమ కొణతాలు పట్టుకొని వస్తారు. కొణతమంటే వీరుడి ఆయుధం, అతని గుర్తు. పన్నెండో శతాబ్దంలో జరిగిన యుద్ధం ఇప్పటికీ ఆ ఇనుములో బతికే ఉంది. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు పేర్లు తెలియని ఇల్లు పల్నాడులో ఉండదు.

ఆ ఉత్సవం చూసినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. ఇనుప ఆయుధం వందల ఏళ్లు నిలవగలదు, గుడి కట్టించుకోగలదు. వెదురు విల్లు నాలుగు వానాకాలాలు ఆగితే గొప్ప. చెదలు తింటాయి, పుచ్చు పట్టి పిండి రాలుతుంది, విరిగితే పొయ్యిలోకి పోతుంది. ఇనుము పట్టినవాళ్ల కథ పాటల్లోకి, గుళ్లలోకి ఎక్కింది. వెదురు పట్టినవాళ్ల కథ వాళ్ల విల్లుతోపాటే బూడిదైంది. పల్నాడుకు పడమటి దిక్కున నల్లమల. వెల్దుర్తి, మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి వైపు అడవి అంచుల్లో చెంచులున్నారు. ఈ వ్యాసం వాళ్ల విల్లు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, విల్లు చేసే కర్రకు చూపించే నిప్పు సెగ గురించి.

మన నేల మీద విల్లు కొత్తది కాదు. నాగార్జునసాగర్ నీళ్లు కమ్మకముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల విజయపురి ఒక్కటే కాదు, దానికి వేల ఏళ్ల ముందటి రాతి పనిముట్లు కూడా బయటపడ్డాయి. వాటిలో వేలి కణుపంత ఉండే సూక్ష్మరాతి పనిముట్లున్నాయి. అలాంటి రాతి ముక్కలను కర్రకు జిగురుతో అతికించి ములుకులుగా వాడటం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న పద్ధతి. రాయి దొరుకుతుంది. రాయిని మోసిన కర్ర, కర్రను వదిలిన విల్లు మట్టిలో కలిసిపోతాయి. పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లే టీచర్లు అద్దాల పెట్టె ముందు నిలబడి ఈ ఒక్క మాట చెబితే బాగుంటుంది: ఇక్కడ కనిపించేది ఆనాటి పనిలో సగమే.

రాతలో మాత్రం మన దేశపు విల్లు చాలా ముందే కనిపిస్తుంది. క్రీ.పూ. 480లో పర్షియా రాజు జెర్‌క్సిస్ గ్రీసు మీదికి నడిపిన సైన్యంలో ఇండియా వాళ్లూ ఉన్నారని, నూలు బట్టలు కట్టుకొని, వెదురులాంటి గడలతో చేసిన విల్లులు, ఇనుప ములుకుల బాణాలు పట్టుకొని వచ్చారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకొంచెం వివరంగా చెబుతుంది. విల్లుకు తాటి, చాపం, కర్ర, కొమ్ము అని నాలుగు రకాల సరుకు చెప్పి, నాలుగు రకాల విల్లులకూ నాలుగు పేర్లు పెట్టింది. చాపమంటే ఒక జాతి వెదురని వ్యాఖ్యాతల మాట. దానితో చేసిన విల్లు పేరు కోదండం. ఆ లెక్కన మన ఊళ్ల కోదండరామాలయాల్లో వెండి తొడుగు వేసుకొని మెరిసే విల్లు కూడా మొదట వెదురు బద్దే! వింటినారికి చాగనార, జిల్లేడు నార, జనుము, వెదురు, నరం వంటివి చెప్పింది. నరం సంగతి పక్కన పెడితే మిగతావన్నీ మన చేలగట్ల మీద, అడవిలో దొరికేవే.

అయితే అది రాజుగారి ఆయుధాల కొట్టు చూసే అధికారి కోసం రాసిన పుస్తకం. ఏ సరుకు ఉండాలో చెప్పింది. ఆ సరుకు విల్లుగా ఎలా మారుతుందో చెప్పలేదు.

ఇంగ్లీషువాళ్లు వచ్చాకా అంతే. 1840లలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి నల్లమల చెంచుల గురించి ఒక వ్యాసం రాశాడు. వేటకు ఈటె, గొడ్డలి, వత్తి తుపాకీ, వెదురు విల్లు, ఇనుప ములుకున్న రెల్లు బాణం వాడతారని ఒక్క వాక్యంలో ముగించాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేసినప్పుడు చెంచుల దగ్గర ఆ పాత వివరాలనే మళ్లీ వాడుకున్నాడు. 1940లో ఆస్ట్రియా దేశపు హైమెండార్ఫ్ వచ్చి, కృష్ణకు అవతలి గట్టున నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకమే తెచ్చాడు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్న మనిషి కాబట్టి యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని హైదరాబాద్ రాజ్యం దాటి తిరగనివ్వలేదు. ఆ కట్టడి అవతలి గట్టు చెంచులకు మేలే చేసింది. మద్రాసు రాజధాని కిందున్న పల్నాడు తాలూకా చెంచులకు అలాంటి పుస్తకం రాలేదు.

చెంచులు కమ్మరం పని చేసినవాళ్లు కారు. ములుకుకు ఇనుము కావాలంటే మైదానంలోని ఊరి కమ్మరి దగ్గరికి తేనో, బంకో పట్టుకొని దిగాల్సిందే. అంటే పుస్తకాల వాళ్లు ముందుగా చూసిన ఇనుప ములుకు బయటిది. వెదురును ఎంచడం, ఆరబెట్టడం, కాచడం, వంచడం అడవివాళ్ల సొంత విద్య. రాతలోకి ఎక్కనిది సరిగ్గా అదే.

మాచర్ల వైపు ఒక గూడెంలో ఒక పెద్దాయన బాణపు కర్ర వంకర తీయడం నేను దగ్గరుండి చూశాను. మూడు రాళ్ల మధ్య నిప్పులు కణకణలాడుతున్నాయి. కర్రను వాటి మీద జానెడు ఎత్తున పట్టుకొని వేళ్లతో తిప్పుతున్నాడు. నేను సాయం చేద్దామని నాలుగు ఎండుపుల్లలు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంట పెట్టమాక నాయనా. సెగ చాలు."

మంట కాలుస్తుంది, సెగ కాస్తుంది. మంట, నిప్పు, సెగ, కాక అని తెలుగులో ఇన్ని మాటలున్నాయంటే వాటి తేడా చేత్తో తెలుసుకున్నవాళ్లు మనకు ముందు ఎంతమంది ఉండి ఉండాలి! కర్ర వేడెక్కాక ఆయన దాన్ని మోకాలి మీద ఆనించి, వంకర ఉన్నచోట ఎదురు వంచి, అలాగే పట్టుకొని కూర్చున్నాడు. ఊరికే పట్టుకున్నాడనుకున్నాను. అది ఊరికే పట్టుకోవడం కాదని తర్వాత చదివితే తెలిసింది.

వెదురులోనైనా, కర్రలోనైనా సన్నని నారపోగులుంటాయి. వాటిని ఒకదానికొకటి అంటిపెట్టే జిగురులాంటి పదార్థం లిగ్నిన్. కర్రలో కాస్త తడి మిగిలి ఉండగా నీళ్లు మరిగేంత వేడి తగిలితే ఆ జిగురు మెత్తబడుతుంది. అప్పుడు వంచితే వంగుతుంది. చల్లారేదాకా కదలనివ్వకపోతే జిగురు మళ్లీ బిగుసుకొని ఆ రూపంలోనే నిలుస్తుంది. చల్లారకముందే వదిలేస్తే పాత వంకర తిరిగి వస్తుంది. పెద్దాయన పట్టుకొని కూర్చున్నది ఆ బిగువు కోసం. మన మెట్ట ఊళ్లలో గొర్రెల కాపరి చేతికర్రకు చేసేదీ ఇదే పని. వెదురు కర్రను నిప్పుల మీద కాచి, వంకర తీసి, నూనె పట్టించి, నున్నగా చేసుకుంటాడు. కర్రకూ బాణానికీ మధ్య పెద్ద దూరం లేదు.

విల్లు దగ్గరికి వస్తే నిప్పుకు ఇంకో పని కూడా ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే విల్లు లాగినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. ఒక పచ్చి కందికట్టెను విరిగేదాకా వంచండి. బయటి వైపు నార లేచి తెగుతుంది, లోపలి వైపు నలిగి ముడతలు పడుతుంది. విల్లూ అంతే. గురి వైపు ఉండే ముఖాన్ని వీపు అనుకుందాం, మన వైపు ఉండేదాన్ని పొట్ట అనుకుందాం. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. కర్రకు సాగదీస్తే తట్టుకొనే బలం ఎక్కువ, నొక్కితే తట్టుకొనే బలం తక్కువ, దాదాపు సగమే. అందుకే ముందు ఓడిపోయేది పొట్ట. అది ఓడిపోతే నారి విప్పినా విల్లు నిటారుగా రాదు, వంగుడు పడిపోతుంది. బాణం వెళుతుంది గానీ ఊపు ఉండదు.

బాగా ఆరిన కర్రకు ఆ పొట్ట వైపు నిదానంగా, వంకర తీసేటప్పటి కంటే ఎక్కువ సెగ చూపిస్తే పొట్ట గట్టిపడుతుంది. తడిని పీల్చుకొనే పదార్థం ఒకటి కర్రలో ఉంటుంది. గట్టి సెగకు అందులో కొంత చెడిపోతుంది. ఆ తర్వాత కర్ర గాలిలోని తేమను మునుపటంత తాగదు. శ్రావణ, భాద్రపద మాసాల్లో ముసురు పట్టినప్పుడు మామూలు విల్లు మెత్తబడుతుంది, కాచిన విల్లు తక్కువ మెత్తబడుతుంది. ఇదీ దీని వెనకున్న శాస్త్రం.

ఈ పనిలో తొందర పనికిరాదు. మొదట గడ ముదిరి ఉండాలి. మూడేళ్లు దాటని వెదురులో నీళ్లెక్కువ, ఆరితే కుంచించుకుపోతుంది. నల్లమలలో ఎక్కువగా ఉండేది గట్టి వెదురు, లోపల బోలు తక్కువ. అలాంటిదే విల్లుకు మంచిది. వెదురును అమావాస్య దగ్గర కోస్తే పుచ్చు పట్టదని తెలుగు ఊళ్లలో నమ్మకం. చంద్రుడి సంగతి నేను వాదించను గానీ, పుచ్చు పురుగు వచ్చేది గడలోని పిండి పదార్థం కోసమని, వానలు వెనకబట్టాక కోసిన గడలో ఆ పిండి తక్కువని వెదురు మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. కోసిన గడను చీల్చి, బద్దను చెక్కి, నీడన ఆరబెట్టాలి. నీడనే ఎందుకంటే, మన రెంటచింతల ఎండ సంగతి అందరికీ తెలుసు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. ఆ ఎండలో పచ్చిబద్ద పడేస్తే పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, బద్ద నిలువునా పగులుతుంది. పచ్చిబద్దను గట్టి సెగకు పెట్టినా అదే గతి, లోపలి నీరు ఆవిరై చీల్చుకొని వస్తుంది.

నిప్పులు తుమ్మవో, సండ్రవో అయితే మంట లేకుండా ఎక్కువసేపు నిలుస్తాయి. బద్ద పెట్టబోయే ఎత్తులో ముందు అరచెయ్యి పెట్టి చూస్తే సెగ ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత కళ్లకూ ముక్కుకూ పని. మొదట తడి వాసన, తర్వాత పేలాలు వేగుతున్న వాసన. రంగు తేనెలా మారుతుంది, తర్వాత పాత బెల్లంలా అవుతుంది. అక్కడ ఆపాలి. నల్లబడితే బొగ్గు అయినట్టే, పొట్ట పెళుసై పోతుంది. వీపు వైపు మాత్రం సెగ తగలకుండా చూసుకోవాలి. వెదురులో పైతొక్క దగ్గర నార దట్టంగా ఉంటుంది, వీపుకు ఆ నారే ప్రాణం. కాచిన విల్లుకు వెంటనే నారి ఎక్కించకూడదు. నిప్పు దానిలోని తడినంతా తీసేసింది కాబట్టి పుల్లలా విరుగుతుంది. కొన్ని రోజులు ఊరికే ఉంచితే గాలి నుంచి కావలసినంత తేమ తీసుకుంటుంది. ఆ తర్వాతే కొద్దికొద్దిగా వంచి, రెండు కొమ్మలూ సమంగా వంగుతున్నాయో లేదో చూసి, బిగువుగా ఉన్నచోట కొంచెం కొంచెం గీకాలి.

వెదురు కాకుండా కర్రతో విల్లు చేయాలంటే నల్లమలలో తడ చెట్టుంది, కొన్నిచోట్ల చరచి అంటారు. సాగే గుణం ఎక్కువ కాబట్టి గొడ్డలి కామలకు, కావడి బద్దలకు వాడతారు. సంస్కృతంలో దాని పేరు ధన్వనం. ధనుస్సుకూ ఆ పేరుకూ ఉన్న చుట్టరికం చెప్పనక్కర్లేదు.

నిప్పుకు మేలు చేసే గుణమే కాదు, కీడు చేసే గుణమూ ఉందని పరీక్ష పెట్టి చూసినవాళ్లున్నారు. 2016లో ఇంగ్లండులో ఎన్నోస్, చాన్ అనే ఇద్దరు ఈటెల కర్రను నిప్పులో కాల్చి కొలిచారు. కర్ర పైన కాస్త గట్టిపడింది గానీ బలం బాగా తగ్గి పెళుసైంది. ఫిన్లాండులో 1990ల నుంచి కర్రను ఆవిరి గదుల్లో 190 నుంచి 212 డిగ్రీల దాకా కాచి, తేమకు చెడని కలపగా థర్మోవుడ్ పేరుతో అమ్ముతున్నారు. అక్కడా అదే తూకం. తేమ తాగడం తగ్గుతుంది, వంపును తట్టుకొనే బలమూ కొంత తగ్గుతుంది. ఎంత కాస్తే లాభం, ఎక్కడ దాటితే నష్టం అన్నదే అసలు విద్య. ఫిన్లాండు వాళ్లు దాన్ని డిగ్రీల్లో చెబుతారు, మన పెద్దలు రంగులో, వాసనలో చెబుతారు. మొదటిదాన్ని టెక్నాలజీ అని, రెండోదాన్ని ఆటవికం అని పిలవడం మాత్రం నాకు ఒప్పుదల కాదు.

అమెరికాలో ఒకాయన కథ ఇక్కడ చెప్పాలి. కాలిఫోర్నియాలో యాహీ అనే తెగను తెల్లవాళ్లు వేటాడి తుడిచిపెట్టారు. 1911లో చివరికి మిగిలిన ఒక్క మనిషి ఆకలితో ఒరోవిల్ పట్టణంలోకి వచ్చాడు. తన పేరు చెప్పుకోవడం ఆయన ఆచారం కాదు, అందుకని వాళ్ల భాషలో మనిషి అనే అర్థం వచ్చే ఇషీ అన్న పేరుతో పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంచారు. అక్కడి ఆసుపత్రి డాక్టరు సాక్స్‌టన్ పోప్ ఆయనతో స్నేహం చేసి, పక్కన కూర్చొని విల్లు చేయడం నేర్చుకున్నాడు. ఏ కర్ర, ఎంత పొడవు, దేనితో గీకాడు, విల్లు కొసలను వేడి రాయి మీద ఆనించి వెనక్కి ఎలా వంచాడు, వంచాక దాన్ని ఇంకో కర్రకు కట్టి చీకటిగా, పొడిగా ఉన్నచోట ఎలా ఆరబెట్టాడు, అన్నీ రాసుకున్నాడు. ఇషీ 1916లో క్షయతో చనిపోయాడు. పోప్ 1918లో, 1923లో అచ్చువేసిన పుస్తకాలు చదివి అమెరికాలో వేలమంది విల్లులు చేయడం మొదలుపెట్టారు. తెగ పోయింది, సెగ పెట్టే పద్ధతి మిగిలింది. మన దగ్గర తెగ ఉంది, మనుషులున్నారు, వాళ్ల పక్కన కూర్చొని రాసుకున్నవాడు లేడు.

పద్ధతి ఎందుకు పోతోందంటే యువకులకు ఆసక్తి లేదనడం తేలిక. అంతకంటే పాత కారణాలున్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైంది. మేతకు పుల్లరి కట్టాలన్నారు. ఆ పుల్లరి మీద తిరగబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో మించాలపాడులో పోలీసు తూటాలకు బలైన సంగతి పల్నాడు మరిచిపోలేదు. పశువుల మేత మీద ఆంక్ష గుర్తుంది. అదే చట్టం కింద విల్లుకు ఒక గడ కోసుకోవడం కూడా తప్పైందని మాత్రం ఎవరూ చెప్పుకోరు. స్వతంత్రం వచ్చాక కాగితం మిల్లులకు అడవి వెదురు లారీల్లో పోయింది. 1972లో వన్యప్రాణి చట్టం వేటను నేరం చేసింది. 1978లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం, 1983లో అక్కడే పులుల ప్రాజెక్టు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాని మీద హక్కు అడవివాళ్లకు తిరిగి ఇచ్చింది. వేట హక్కు మాత్రం ఇవ్వలేదని అదే చట్టంలో స్పష్టంగా రాశారు. అంటే ఇవాళ విల్లు చేసుకోవడానికి సరుకు మీద హక్కుంది, విల్లుకు పాత పని లేదు.

నేను వేట కావాలనడం లేదు. పులి బతకాలి, జింక బతకాలి. కానీ పని పోయిన పనిముట్టు వెంట దాని విద్య కూడా పోవాలని ఎక్కడా లేదు. రాజస్థాన్ ఉదయపూర్ జిల్లా అడవిలో వెదురు విల్లుతో పెరిగిన ఆదివాసీ కుర్రాడు లింబారామ్‌ను 1987లో క్రీడాధికారులు ఎంపిక చేశారు. 1988, 1992, 1996 ఒలింపిక్స్ మూడింటిలోనూ ఆడాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల పోటీలో ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఆయనకు 1991లో ఇచ్చిన అవార్డు పేరు అర్జున. ఏకలవ్యుడి కథ తెలిసిన మనకు ఆ పేరు వింటే ఒక నవ్వు రాక మానదు. ఇంకో సంగతి, ఏకలవ్యుడి బొటనవేలు గురించి ఇన్ని వేల ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం గానీ, ఆయన విల్లు ఎవరు చేశారని ఎవరూ అడగలేదు.

ఆశ్రమ పాఠశాలల టీచర్లకు ఒక మాట. ప్రాజెక్టు పని అని పిల్లలకు చార్టులు ఇస్తుంటాం. ఈసారి తాతల దగ్గరికి పంపండి. వెదురు ముదిరిందని ఎలా తెలుస్తుంది, ఏ నెలలో కోస్తారు, ఏ కట్టె నిప్పులు వాడతారు, ఎంత ఎత్తున పట్టుకుంటారు, ఏ రంగు వచ్చాక ఆపుతారు, ఎన్ని రోజులు ఆగి నారి ఎక్కిస్తారు అని అడిగి రాయమనండి. చెంచు ఇళ్లలోనే కాదు, చేతికర్ర కాచే కాపరులను, వెదురు పనిచేసే ఎరుకల పెద్దలను కూడా అడగాలి. ఒక్కొక్కరి జవాబు ఒక్కోలా ఉంటే దిద్దవద్దు, ఉన్నదున్నట్టు రాయనివ్వండి.

ఆ పెద్దాయన విల్లు పని మొత్తం చూపిస్తానని మాటిచ్చాడు. వానలు వెనకబట్టాక, గడ కోసే రోజుకు రమ్మన్నాడు. వీడియో తీసుకుంటానంటే సరేనన్నాడు గానీ, ఫోను మాచర్లలోనే చార్జింగు పెట్టుకొని రమ్మన్నాడు. వాళ్ల గూడెంలో ఆ వేళకు కరెంటు ఉండదట.